నాణ్యతకు ఎన్ని మెట్లు?

వస్తువు ఒక్కటే అయినా దాని స్థితిని బట్టి విలువ మారుతుందన్నది లోకవిదితమే. నిన్న కోసిన కూరగాయలకూ నేడు కోసిన కూరగాయలకూ సంతలో ఒకే ధర పలకదు. అయితే ఆ తేడాను ఎంత సూక్ష్మంగా కొలవాలి, కొలత ఎక్కడ ఆగాలి అన్నది అంత తేలికైన ప్రశ్న కాదు. అమెరికాలో పాత కామిక్ పుస్తకాలను సేకరించేవారి మధ్య చిరకాలంగా సాగుతున్న ఒక చర్చ ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది. పైకి ఇది పిల్లల బొమ్మల పుస్తకాలకు సంబంధించిన చిన్న విషయంగా తోచవచ్చు. లోతుగా పరిశీలిస్తే కొలతకూ నమ్మకానికీ ఉన్న సంబంధాన్ని ఇది చక్కగా విశదం చేస్తుంది.

‘యాక్షన్ కామిక్స్’ అనే పత్రిక తొలి సంచిక 1938లో వెలువడింది. దాని వెల 10 సెంట్లు. జెర్రీ సీగెల్ రచించగా జో షుస్టర్ బొమ్మలు గీసిన సూపర్‌మ్యాన్ పాత్ర లోకానికి పరిచయమైనది ఆ సంచికలోనే. 2010 ఫిబ్రవరిలో ఆ సంచిక ప్రతి ఒకటి 10 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. దాని స్థితికి పరీక్షకులు ఇచ్చిన గ్రేడు పదికి 8.0. మరుసటి నెలలోనే మరొక ప్రతి 15 లక్షల డాలర్లు పలికింది. దాని గ్రేడు 8.5. రెండింటిలోనూ కథ ఒకటే, బొమ్మలు ఒకటే, అచ్చు ఒకటే. అర పాయింటు దగ్గర ధరలో 5 లక్షల డాలర్ల వ్యత్యాసం వచ్చింది. ఆ అర పాయింటును నిర్ణయించినది ఏది? మరొకరు పరీక్షించినా అదే అంకె వేసి ఉండేవారా?

ఈ ప్రశ్నలకు సమాధానం వెదికే ముందు ఇటువంటి పుస్తకాలు ఎందుకు అరుదయ్యాయో తెలుసుకోవాలి. ఆనాటి కామిక్ పుస్తకాలను వార్తాపత్రికలకు వాడే చవక కాగితం మీద ముద్రించేవారు. కలప గుజ్జుతో చేసిన ఆ కాగితంలో లిగ్నిన్ అనే పదార్థం మిగిలి ఉంటుంది. గాలి, వెలుతురు తగిలినకొద్దీ అది కాగితాన్ని పసుపు రంగుకు తిప్పుతుంది. కాగితంలోని ఆమ్లం ఏళ్లు గడిచేకొద్దీ దానిని పెళుసుగా మారుస్తుంది. పైగా ఇవి పిల్లల పుస్తకాలు. మడిచి జేబులో పెట్టుకున్నారు, ఒకరి నుంచి ఒకరు మార్చుకున్నారు, చదివాక పారవేశారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో పాత కాగితాల సేకరణ ఉద్యమాలలో లెక్కలేనన్ని పుస్తకాలు గుజ్జయిపోయాయి. సుమారు 2 లక్షల ప్రతులు అచ్చయిన ఆ తొలి సంచికలో నేడు వంద వరకు మాత్రమే మిగిలి ఉంటాయని సేకరణకర్తల అంచనా. వాటిలోనూ చెక్కుచెదరనివి బహు కొద్ది.

పాత పుస్తకాల వ్యాపారం మొదటి నుంచీ ఎక్కువగా ఉత్తరాల ద్వారానే సాగింది. ఒక నగరంలోని అమ్మకందారు ప్రకటన ఇస్తే వేరొక నగరంలోని వ్యక్తి పుస్తకాన్ని చూడకుండానే డబ్బు పంపేవాడు. ఇద్దరి మధ్య వారధి ఒక్క మాట మాత్రమే. ‘మింట్’ అంటే టంకశాల నుంచి అప్పుడే వెలువడిన నాణెం వంటిది. ఆ తరువాతివి ‘నియర్ మింట్’, ‘వెరీ ఫైన్’, ‘ఫైన్’, ‘వెరీ గుడ్’, ‘గుడ్’, ‘ఫెయిర్’, ‘పూర్’. ఇవీ వాడుకలోకి వచ్చిన మెట్లు. ఇందులో ఒక వింత ఉంది. ‘గుడ్’ అంటే మంచిదనే కదా అర్థం! ఈ వరుసలో మాత్రం అది బాగా నలిగి, చాలాసార్లు చదివిన పుస్తకానికి గుర్తు. అమ్మేవాడి ‘ఫైన్’ కొనేవాడి కంటికి ‘గుడ్’గా కనిపించడం పరిపాటి. 1970లో రాబర్ట్ ఓవర్‌స్ట్రీట్ అనే ఆయన కామిక్ పుస్తకాల ధరల సూచికను ప్రచురించడంతో ఈ మాటలకు కొంత స్థిరత్వం ఏర్పడింది. ఒకే పుస్తకానికి స్థితిని బట్టి వేర్వేరు ధరలు అచ్చులో కనిపించసాగాయి. ధర మాట మీద ఆధారపడినప్పుడు మాటకు కచ్చితత్వం కావాలన్న కోరిక పెరగడం సహజం.

పుస్తకాన్ని పరీక్షించేవారు చూసే అంశాలు అనేకం. మొదట అట్టను చూస్తారు. రంగు వెలిసిందా, మూలలు మొద్దుబారాయా, ముడుత పడినచోట రంగు పగిలి తెల్లని గీత ఏర్పడిందా అని గమనిస్తారు. తరువాత పుస్తకం వెన్నును చూస్తారు. పుస్తకాన్ని తెరిచిన ప్రతిసారీ పిన్నుల చుట్టూ సన్నని గీతలు పడుతుంటాయి. వాటిని లెక్కపెడతారు. పిన్నులకు తుప్పు పట్టిందా, అట్ట పిన్నుల నుంచి ఊడిందా అన్నది మరొక అంశం. లోపలి పుటలను లెక్కించి, ప్రకటనలలోని కూపన్లను ఎవరైనా పిల్లవాడు కత్తిరించుకున్నాడేమో పరిశీలిస్తారు. తడి మరకలు, కలంతో రాసిన పేర్లు, అతికించిన టేపు ముక్కలు ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. చివరకు ఈ లోపాలన్నిటినీ కూడి ఒక్క తీర్పుగా మార్చాలి. అసలు చిక్కు ఇక్కడే ఉంది. చిన్న చిరుగు ఎక్కువ లోపమా, పెద్ద మరక ఎక్కువ లోపమా? దీనిని తేల్చే త్రాసు లోకంలో లేదు. అనుభవమే ప్రమాణం.

మాటల స్థానంలోకి అంకెలు రావడానికి నాణేల సేకరణ దారి చూపింది. 1949లో విలియం షెల్డన్ అనే అమెరికన్ పాత సెంటు నాణేలకు 1 నుంచి 70 వరకు ఒక కొలమానాన్ని రూపొందించాడు. అధమస్థితిలోని నాణెం విలువ ఒక పాలు అయితే అత్యుత్తమమైన దాని విలువ 70 పాళ్లు ఉండాలన్నది ఆయన ఊహ. అనంతర కాలంలో ధరలు ఆ నిష్పత్తిని దాటిపోయినా అంకెలు మాత్రం నిలిచాయి. కామిక్ పుస్తకాల విషయంలో ఓవర్‌స్ట్రీట్ 1992లో వెలువరించిన గ్రేడింగు గ్రంథం 100 పాయింట్ల కొలమానాన్ని ప్రవేశపెట్టింది. అది ఎక్కువ కాలం నిలవలేదు. దాని స్థానంలో 10 పాయింట్ల పద్ధతి స్థిరపడింది. 2000లో సి.జి.సి. అనే సంస్థ రంగప్రవేశం చేసింది. కొనేవారికీ అమ్మేవారికీ సంబంధం లేని మూడవ పక్షంగా అది రుసుము తీసుకొని పుస్తకాన్ని పరీక్షిస్తుంది. గ్రేడు నిర్ణయించి, పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టెలో బిగించి, పైన చీటీ అతికించి తిరిగి ఇస్తుంది.

ఆ సంస్థ కొలమానంలో 0.5 నుంచి 10.0 వరకు మొత్తం 25 మెట్లు ఉన్నాయి. మెట్ల ఎత్తు మాత్రం సమానంగా లేదు. నడుమ భాగంలో అర పాయింటుకు ఒక మెట్టు ఉండగా, శిఖరం సమీపంలో అవి దగ్గరదగ్గరగా చేరాయి. 9.0 నుంచి 10.0 వరకు ఉన్న ఒక్క పాయింటులోనే 9.0, 9.2, 9.4, 9.6, 9.8, 9.9, 10.0 అని ఏడు మెట్లు ఉన్నాయి. దీనికి కారణం కాగితంలో లేదు, కొనేవారి మనస్సులో ఉంది. నలిగిన పుస్తకాన్ని కొనేవాడు మరొక చిన్న ముడుతను పట్టించుకోడు. దోషరహితమైనదే కావాలనుకునేవాడు వెంట్రుకవాసి గీతకు సైతం వెలకడతాడు.

సూక్ష్మవిభజనను సమర్థించేవారి వాదంలో బలం లేకపోలేదు. తేడా నిజంగా ఉన్నప్పుడు దానిని చూపకపోవడం అన్యాయమే అవుతుంది. ఒకే ‘నియర్ మింట్’ అనే పేరు కింద రెండు గీతలున్న పుస్తకాన్నీ పది గీతలున్న పుస్తకాన్నీ చేర్చితే మొదటిదానిని భద్రపరచినవాడు నష్టపోతాడు, రెండవదానిని కొన్నవాడు మోసపోతాడు. చూడకుండా కొనేవారికి సూక్ష్మమైన కొలతే రక్షణ.

అయితే కొలత సూక్ష్మమైనంత మాత్రాన అది నిక్కమైనది కాదు. కొలిచిన ప్రతిసారీ అదే ఫలితం రావాలి. విద్యార్థులకు బాగా తెలిసిన ఉదాహరణ ఒకటి ఉంది. ఒకే వ్యాసరూప సమాధానాన్ని ఇద్దరు అధ్యాపకులు విడివిడిగా దిద్దితే ఒకరు 6 మార్కులు, మరొకరు 7 మార్కులు వేయవచ్చు. అటువంటి చోట అర మార్కును, పావు మార్కును ప్రవేశపెడితే మూల్యాంకనం సూక్ష్మమైనట్లు కనిపిస్తుందే గాని, ఇద్దరి మధ్య ఉన్న భేదం తొలగిపోదు. గుడ్డను జానతో కొలిచి, ఫలితాన్ని మిల్లీమీటర్లలో చెప్పడం వంటిది అది. జార్జ్ మిల్లర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1956లో ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. శబ్దం యొక్క తీవ్రత వంటి ఒకే గుణాన్ని ఇతరమైన వాటితో పోల్చకుండా విడిగా గుర్తించవలసి వచ్చినప్పుడు మనిషి సుమారు ఏడు తరగతులను మాత్రమే తప్పు లేకుండా వేరుచేయగలడని ఆయన వివరించాడు. అనేక గుణాలు కలిసినప్పుడు ఆ సంఖ్య పెరుగుతుంది. శిక్షణ పొందిన కన్ను అంతకు మించి చూడగలదు. అయినా మనిషి తీర్పుకు ఒక హద్దు ఉందన్నది విస్మరించరాని సత్యం.

ఆ హద్దు సంగతి విపణికి తెలుసు. ఆశించిన గ్రేడు రాకపోతే కొందరు యజమానులు ప్లాస్టిక్ పెట్టెను పగులగొట్టి, పుస్తకాన్ని మరల పరీక్షకు పంపుతారు. మరికొందరు తగిన వేడితో, ఒత్తిడితో ముడుతలను సాపు చేయించి పంపుతారు. రెండవసారి ఒక మెట్టు పైకి లేస్తే వచ్చే లాభం రెండు రుసుములను మించిపోతుంది. మెట్ల మధ్య దూరం తగ్గేకొద్దీ, మెట్టుకు మెట్టుకు ధరలో తేడా పెరిగేకొద్దీ ఈ ప్రలోభం బలపడుతుంది. పుస్తకాన్ని కాపాడవలసిన కొలత దానిని పదేపదే చేతులు మారేలా చేయడం విచారకరం.

మరొక చిక్కు కృత్రిమమైన కొరత. 1991లో వెలువడిన ‘ఎక్స్-మెన్’ తొలి సంచిక 80 లక్షల ప్రతులకు మించి అమ్ముడుపోయింది. ముందుముందు ధర పెరుగుతుందని ఆశించి ఎందరో వాటిని చదవకుండానే దాచారు. అందువల్ల ఆ పుస్తకం నేటికీ అరుదు కాలేదు. అరుదైనది దాని మీద వేసిన 9.9 వంటి అంకె మాత్రమే. అక్కడ కొనుగోలుదారు చెల్లించే మూల్యం అట్టకు కాదు, చీటీకి.

ఇంతకూ ఒక్క అంకె ఎంత చెప్పగలదు? అట్ట మీద మరక పడిన పుస్తకానికీ, వెన్ను చిరిగిన పుస్తకానికీ ఒకే 4.0 రావచ్చు. బొమ్మలను ప్రేమించేవాడు రెండవదానిని కోరుకుంటాడు, చదవదలచినవాడు మొదటిదానిని కోరుకుంటాడు. ఈ సంగతిని అంకె చెప్పదు, మాటలే చెప్పాలి. అందుకే సి.జి.సి. చీటీ మీద సైతం పుటల రంగును తెలుపనీ, మీగడ రంగనీ మాటలలోనే రాస్తారు. రంగులు అద్ది బాగుచేసిన పుస్తకాలకు వేరే రంగు చీటీ అతికిస్తారు. ‘యాక్షన్ కామిక్స్’ తొలి సంచిక విషయమే తీసుకుంటే 2010లో 15 లక్షల డాలర్లు పలికిన 8.5 గ్రేడు, 2024లో మరొక వేలంలో 60 లక్షల డాలర్లు పలికింది. అంకె మారలేదు, కాలం మారింది, కోరేవారు మారారు. స్థితి వేరు, విలువ వేరు.

తెలుగు ఇళ్లలో ఈ సత్యానికి దృష్టాంతం దొరుకుతుంది. 1947లో ఆరంభమైన ‘చందమామ’ సంచికలను ఎన్నో కుటుంబాలవారు ఏడాదికోసారి బైండు చేయించి దాచుకున్నారు. బైండు చేసేవారు అంచులు కత్తిరించారు, పిన్నులు తీసి దారంతో కుట్టారు. అమెరికా పద్ధతిలో గ్రేడు వేస్తే వాటికి దక్కేది అట్టడుగు మెట్టే. అయినా ఆ బైండు వల్లనే అవి విడిపోకుండా రెండు మూడు తరాల చేతుల్లో నిలిచాయి. గ్రేడు చెప్పేది పుస్తకం అంగడిలోకి వచ్చిన నాటి రూపానికి ఎంత దగ్గరగా ఉందన్నది మాత్రమే. అది ఎంతమందికి ఆనందం పంచిందో చెప్పదు.

దీనినిబట్టి గ్రేడు అనవసరమని తలచరాదు. కొలత లేనిచోట గట్టిగా అరిచినవాడి మాటే చెల్లుతుంది. మెట్లు ఉండాలి. అయితే నిజాయితీ గల ఇద్దరు పరీక్షకులు విడివిడిగా చూసినా ఒకే చోట ఆగగలిగినన్ని మాత్రమే ఉండాలి. పది, పన్నెండు మెట్లు ఆ పనికి చాలునన్నది సమంజసంగా తోస్తుంది. అంతకు మించిన సూక్ష్మతను దశాంశాలకు అప్పగించక, ‘వెన్ను మీద రెండు గీతలు, వెనుక అట్ట మీద చిన్న మరక’ అంటూ స్పష్టమైన వర్ణనలో చెప్పాలి. వర్ణనను చదివినవాడు పుస్తకాన్ని తన కన్నులతో పోల్చి సరిచూసుకోగలడు. దశాంశాన్ని మాత్రం నమ్మడమో మానడమో తప్ప వేరే మార్గం లేదు.

తనకు తెలిసినంత వరకు చెప్పి, తెలియనిచోట ఆగడం కొలతకు శోభ. బంగారాన్ని ఒరగల్లు మీద గీసి చూసే పనివాడు మొదట తన కంటి పరిమితిని ఎరిగి ఉండాలి. పుస్తకమైనా, జవాబుపత్రమైనా, మనిషి యోగ్యత అయినా, విలువ కట్టేవారందరికీ ఇది వర్తిస్తుంది.