ఇంట్లో పీసీకి ఫ్రీ యాంటీవైరస్ చాలా? డబ్బులు పెట్టి కొనాలా?

కొత్త ల్యాప్‌టాప్ కొన్నా, పాత పీసీకి విండోస్ మళ్లీ వేయించుకున్నా, బిల్లు కట్టే టైమ్‌లో షాపులో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: "యాంటీవైరస్ కూడా వేసేయమంటారా సార్?" మనం ఆలోచించేలోపే డబ్బా కౌంటర్ మీదకి వచ్చేస్తుంది. వద్దంటే ఏమవుతుందోనని భయపడి కొనేసేవాళ్లు కొందరు. ఇంటికొచ్చి నెట్‌లో మొదట కనిపించిన ఫ్రీ యాంటీవైరస్ వేసేసుకునేవాళ్లు ఇంకొందరు. మూడో రకం వాళ్లు ఏకంగా పెయిడ్ యాంటీవైరస్‌కే క్రాక్ వెతుకుతారు. దొంగ చేతికి తాళాలిచ్చి ఇల్లు చూసుకోమన్నట్టు ఉంటుంది ఈ పద్ధతి. దాని సంగతి కింద చెప్తాను.

ముందు నా సమాధానం చెప్పేస్తాను. అప్‌డేట్స్ వస్తున్న విండోస్ ఉన్న ఇంటి పీసీల్లో చాలావాటికి అందులోనే ఉన్న మైక్రోసాఫ్ట్ డిఫెండర్ సరిపోతుంది. "చాలావాటికి" అంటున్నాను, "అన్నిటికీ" కాదు. ఆ తేడా ఎక్కడొస్తుందో తెలిస్తే మీ డబ్బులు ఎక్కడ పెట్టాలో మీకే అర్థమవుతుంది.

డిఫెండర్ నిజంగా పనికొస్తుందా?

డిఫెండర్‌కి ఇప్పటికీ వెంటాడుతున్న చెడ్డపేరు పాత రోజులది. 2009లో మైక్రోసాఫ్ట్ సెక్యూరిటీ ఎసెన్షియల్స్ అని ఒక ఫ్రీ యాంటీవైరస్ ఇచ్చింది, దాన్ని మనమే డౌన్‌లోడ్ చేసుకోవాల్సి వచ్చేది. 2012లో విండోస్ 8తో అదే డిఫెండర్ పేరుతో విండోస్ లోపలికి వచ్చేసింది. మొదట్లో టెస్టుల్లో వెనకబడే ఉండేది. "ఏమీ లేనిదానికంటే నయం" అనేవాళ్లు, అప్పట్లో అది నిజమే. కానీ ఆ మాట ఇప్పుడు చెల్లదు. జర్మనీలోని ఏవీ-టెస్ట్ ల్యాబ్ ప్రతి ప్రోడక్ట్‌కీ ప్రొటెక్షన్, పెర్ఫార్మెన్స్, యూజబిలిటీ అని మూడు విషయాల్లో ఆరేసి చొప్పున మొత్తం 18 మార్కులు వేస్తుంది. కొన్నేళ్లుగా డిఫెండర్ అక్కడ టాప్ వరుసలోనే కనిపిస్తోంది, డబ్బులు తీసుకునే పెద్ద బ్రాండ్ల పక్కనే.

బలహీనతలు లేవా అంటే ఉన్నాయి. డిఫెండర్ మైక్రోసాఫ్ట్ క్లౌడ్ మీద బాగా ఆధారపడుతుంది. నెట్ ఉన్నప్పుడు ఒక ఫైల్ మీద అనుమానం వస్తే సర్వర్‌ని అడిగి తేల్చుకుంటుంది. నెట్ లేనప్పుడు ఆ బలం తగ్గిపోతుంది. ఆస్ట్రియాలోని ఏవీ-కంపారెటివ్స్ ల్యాబ్ చేసే మాల్‌వేర్ టెస్టుల్లో ఆన్‌లైన్, ఆఫ్‌లైన్ రిజల్ట్స్ విడివిడిగా ఇస్తారు, ఈ తేడా అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. రెండోది స్పీడ్. పాత హార్డ్‌డిస్క్ ఉన్న పీసీలో టాస్క్ మేనేజర్ తెరిస్తే "యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్" అనే పేరు పైన కూర్చుని ఉంటుంది, చాలామంది దాన్నే వైరస్ అనుకుంటారు! అదే డిఫెండర్. ఎస్ఎస్‌డీ వేస్తే ఈ బాధ దాదాపు పోతుంది. మూడోది, ఫేక్ సైట్లను ఆపే స్మార్ట్‌స్క్రీన్ పూర్తిగా పనిచేసేది ఎడ్జ్ బ్రౌజర్‌లోనే. క్రోమ్ వాడేవాళ్లకి ఆ పని గూగుల్ సేఫ్ బ్రౌజింగ్ చేస్తుంది కాబట్టి నష్టమేమీ లేదు, కానీ ఆ రెండూ వేరువేరని తెలుసుకోండి.

ఒక ఆప్షన్ మాత్రం చాలామంది ముట్టుకోరు. విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లోకి వెళ్లి, కిందికి దిగితే ర్యాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ ఉంటుంది. అందులోని "కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్" మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేస్తే తనకి నమ్మకం లేని ప్రోగ్రామ్ ఏదీ మీ డాక్యుమెంట్స్, ఫొటోస్ ఫోల్డర్లలోని ఫైల్స్ మార్చలేదు. కొన్ని గేమ్స్ సేవ్ అవ్వకుండా ఆగిపోతాయి, వాటిని ఒక్కొక్కటిగా అలో చేయాలి. కాస్త చిరాకే, కానీ పెయిడ్ ప్యాకేజీల్లో "ర్యాన్సమ్‌వేర్ షీల్డ్" అని పెద్ద అక్షరాలతో వేసేదాంట్లో ముఖ్యమైన భాగం ఇదే.

"ఫ్రీ" అంటే ఏమిటో ఒకసారి చూద్దాం

డిఫెండర్ కూడా ఫ్రీనే. ఐతే దాని ఖర్చు మీ విండోస్ లైసెన్స్‌లో కలిసి ఉంది. బయటి కంపెనీ ఇచ్చే ఫ్రీ యాంటీవైరస్‌కి ఆదాయం ఇంకెక్కడి నుంచో రావాలి. మామూలుగా ఐతే పెయిడ్ వెర్షన్‌కి అప్‌గ్రేడ్ అవ్వమని పాప్-అప్స్ వేస్తారు, అంతవరకు న్యాయమే. అవాస్ట్ విషయంలో కథ అక్కడ ఆగలేదు. తన జంప్‌షాట్ అనే అనుబంధ సంస్థ ద్వారా యూజర్ల బ్రౌజింగ్ డేటాను వేరే కంపెనీలకి అమ్ముతోందని 2020 జనవరిలో అమెరికా మీడియా బయటపెట్టింది. ఆ నెలాఖరుకే జంప్‌షాట్ మూతపడింది. 2024 ఫిబ్రవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1.65 కోట్ల డాలర్లు కట్టాలని చెప్పి, బ్రౌజింగ్ డేటాను ప్రకటనల కోసం అమ్మకూడదని షరతు పెట్టింది. మీరు ఏ సైట్లు చూస్తున్నారో ట్రాకర్ల నుంచి కాపాడతామన్న సాఫ్ట్‌వేరే ఆ పని చేసింది.

ఇంకో చిన్న సంగతి. నార్టన్, అవాస్ట్, ఏవీజీ, ఏవిరా అని నాలుగు డబ్బాలు పక్కపక్కన పెట్టి పోలుస్తూ ఉంటాం కదా, ఇప్పుడు ఆ నాలుగూ జెన్ డిజిటల్ అనే ఒకే కంపెనీవి.

అలాగని ఫ్రీవన్నీ చెత్త అని నేను అనను. బిట్‌డిఫెండర్ ఫ్రీ వెర్షన్ వైరస్‌లు పట్టుకునే పనిలో దాని పెయిడ్ వెర్షన్ వాడే ఇంజన్‌నే వాడుతుంది. చాలా కంపెనీలది ఇదే పద్ధతి. డబ్బులు కడితే ఇంజన్ మారదు, చుట్టూ ఉన్న సామాను పెరుగుతుంది: వీపీఎన్, పాస్‌వర్డ్ మేనేజర్, పేరెంటల్ కంట్రోల్, ఫోన్‌లతో కలిపి ఐదు డివైజ్‌లకి లైసెన్స్, ఫోన్ చేస్తే పలికే సపోర్ట్. బిట్‌వార్డెన్ లాంటి పాస్‌వర్డ్ మేనేజర్ విడిగా ఫ్రీగా దొరుకుతుంది. ప్యాకేజీలో వచ్చే వీపీఎన్‌కి చాలాసార్లు రోజువారీ డేటా లిమిట్ ఉంటుంది. మాల్‌వేర్‌బైట్స్ ఫ్రీ వెర్షన్ సంగతి వేరు. అది నిరంతరం కాపలా కాయదు, మనం స్కాన్ నొక్కినప్పుడే చూస్తుంది. అందుకే డిఫెండర్‌కి తోడుగా, నెలకోసారి సెకండ్ ఒపీనియన్‌కి నేను దాన్నే వాడతాను. నిరంతరం కాపలా కాసేవి మాత్రం రెండు పెట్టకండి, ఒకదాన్నొకటి అనుమానించుకుని పీసీని నత్తలా చేస్తాయి. వేరే యాంటీవైరస్ వేస్తే డిఫెండర్ దానంతటదే పక్కకి తప్పుకునేది కూడా అందుకే.

వైరస్ ఇంట్లోకి ఎలా వస్తోంది?

అసలు ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడ. 2017 మే నెలలో వన్నాక్రై వచ్చినప్పుడు ప్రపంచమంతా కంప్యూటర్లు లాక్ అయ్యాయి, ఆంధ్రప్రదేశ్ పోలీస్ శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా అందులో చిక్కుకున్నాయి. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే ప్యాచ్ ఇచ్చేసింది. అప్‌డేట్ పెట్టుకున్న పీసీల్లోకి ఆ దారిన అది రాలేకపోయింది. "అప్‌డేట్స్ వస్తే స్లో అవుతుంది" అని ఆపేసి, పైన యాంటీవైరస్ కొనడం అంటే వెనక తలుపు తీసి పెట్టి ముందు తలుపుకి రెండు తాళాలు వేయడం.

మన ఇళ్లలో ఎక్కువ కనిపించేది మాత్రం క్రాక్‌ల వ్యవహారం. స్టాప్ లేదా డీజేవీయూ అనే ర్యాన్సమ్‌వేర్ కుటుంబం ఒకటి ఏళ్ల తరబడి ఇళ్ల మీదే బతికింది. ఫొటోషాప్ క్రాక్, విండోస్ యాక్టివేటర్, గేమ్ కీజెన్ వేషంలో వస్తుంది. మీ ఫొటోలు, రికార్డులు, ప్రాజెక్ట్ రిపోర్టు అన్నిటికీ చివర కొత్త ఎక్స్‌టెన్షన్ తగిలించి లాక్ చేసి, డాలర్లు కట్టమని ఒక నోట్ వదిలి పోతుంది. ఎంసిసాఫ్ట్ అనే సంస్థ 2019లో పాత రకాలకి ఫ్రీ డిక్రిప్టర్ ఇచ్చింది. ఆన్‌లైన్ కీతో లాక్ చేసే కొత్త రకాలకి ఇప్పటికీ దారి దొరకడం కష్టం.

ఇప్పుడు క్రాక్ ఫోల్డర్లలో ఉండే ఆ రీడ్‌మీ ఫైల్ గుర్తు చేసుకోండి. మొదటి లైనులోనే "ముందు యాంటీవైరస్ ఆఫ్ చేయండి" అని ఉంటుంది. మనమే ఆఫ్ చేశాక అది ఫ్రీదైనా ఒకటే, మూడు వేలదైనా ఒకటే. పైగా ఇప్పుడు వచ్చే ఇన్ఫోస్టీలర్లు ఫైల్స్‌ని లాక్ చేయవు. బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్స్, లాగిన్ కుకీలు నిమిషాల్లో పట్టుకుపోతాయి. కుకీ చేతికి చిక్కితే ఓటీపీ కూడా అడగకుండానే మీ ఇన్‌స్టా, జీమెయిల్ తెరుచుకోవచ్చు. అలా జరిగిందనిపిస్తే స్కాన్ ఒక్కటీ చాలదు. వేరే డివైజ్ నుంచి పాస్‌వర్డ్స్ మార్చి, అన్ని డివైజ్‌ల నుంచి లాగౌట్ కొట్టాలి.

రెండో దారి పెన్‌డ్రైవ్. జిరాక్స్ సెంటర్‌లో ప్రింట్‌కి ఇచ్చి తెచ్చుకుంటే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లైపోయి ఉంటాయి. ఫైల్స్ ఎక్కడికీ పోవు. వైరస్ వాటిని హిడెన్ చేసి, అదే పేరుతో తన షార్ట్‌కట్ పెడుతుంది. కంగారుపడి డబుల్ క్లిక్ చేశారంటే మీ పీసీకి అంటుకుంటుంది. దాన్ని తెరవకుండా పెన్‌డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి స్కాన్ కొట్టండి. భారత ప్రభుత్వ సెర్ట్-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైట్‌లో కూడా ఇలాంటివి శుభ్రం చేసే ఫ్రీ టూల్స్ ఉన్నాయి.

ఐతే ఎవరు కొనాలి?

నా లెక్కలో రెండు రకాల ఇళ్లు. ఒకటి, నెట్ సరిగ్గా లేని ఊళ్లో, రోజూ పదిమంది పెన్‌డ్రైవ్‌లు దూరే పీసీ. ఇంట్లోనే డీటీపీ, ట్యూషన్ నడిపేవాళ్లది అదే పరిస్థితి. ఇక్కడ ఆఫ్‌లైన్‌లో గట్టిగా పట్టుకునే ప్రోడక్ట్ అవసరం. పుణెకి చెందిన క్విక్ హీల్, చెన్నైకి చెందిన కే7 మన దగ్గర షాపుల్లో దొరుకుతాయి. కొనేముందు పైన చెప్పిన ఏవీ-కంపారెటివ్స్ తాజా రిజల్ట్స్‌లో ఆఫ్‌లైన్ కాలమ్ చూడండి, మీకు కావాల్సింది అక్కడుంటుంది. రెండోది, అమ్మానాన్నలు గానీ పిల్లలు గానీ ఎక్కువగా వాడే పీసీ, మీరు హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉంటారు, పక్కన చూసేవాళ్లు లేరు. మా పెద్దమ్మ వాళ్ల పీసీకి నేను పెయిడ్‌దే వేయించాను. వైరస్ భయంతో కాదు, ఏదైనా ఐతే తెలుగులోనో హిందీలోనో మాట్లాడే మనిషికి ఫోన్ చేసుకోవచ్చని.

ఈ రెండిట్లో మీరు లేకపోతే, అదే డబ్బుకి ఇంకొంచెం కలిపి ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ కొనండి. వారానికోసారి ఫొటోలు, సర్టిఫికెట్లు కాపీ చేసి వైరు పీకేయండి. తగిలించే ఉంచితే ర్యాన్సమ్‌వేర్ దాన్ని కూడా లాక్ చేస్తుంది.

కొనేవాళ్లు రెన్యూవల్ ధర చూసి కొనండి. మొదటి ఏడాది ఆఫర్‌లో కారుచౌకగా ఇచ్చి, రెండో ఏడాది అసలు ధర కార్డు నుంచి లాగేయడం ఈ వ్యాపారంలో మామూలే. 2021 అక్టోబర్ నుంచి ఆర్బీఐ రూల్ ప్రకారం ఆటో-డెబిట్‌కి కనీసం 24 గంటల ముందు బ్యాంకు నుంచి మెసేజ్ రావాలి, అందులోనే ఆపుకునే దారి కూడా ఉంటుంది. ఆ మెసేజ్‌ని ప్రమోషన్ అనుకుని స్వైప్ చేసేయకండి.

"మీ మెకాఫీ గడువు అయిపోయింది, 5 వైరస్‌లు దొరికాయి" అని స్క్రీన్ మూలన పాప్-అప్ వస్తోందా, మీరు మెకాఫీ వేయనే లేదా? అది ఏదో సైట్‌కి మీరు "అలో" నొక్కిన నోటిఫికేషన్. క్రోమ్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరిచి తెలియని సైట్లన్నీ తీసేస్తే మాయమైపోతుంది. అందులో కనిపించే నంబర్‌కి ఫోన్ చేస్తే మాత్రం ఎనీడెస్క్ వేయమంటారు, తర్వాత పోయేది బ్యాంకు బ్యాలెన్సే. ఇప్పటికే డబ్బు పోయుంటే వెంటనే 1930కి కాల్ చేయండి, ఆలస్యమయ్యే కొద్దీ అది చేతులు మారిపోతుంది.

చివరిగా విండోస్ 10 వాళ్లకి. 2025 అక్టోబర్ 14తో దానికి మామూలు సపోర్ట్ ముగిసింది. డిఫెండర్‌కి వైరస్ డెఫినిషన్లు మాత్రం 2028 అక్టోబర్ వరకు ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది, కానీ విండోస్‌లో కొత్తగా బయటపడే లోపాలకి డెఫినిషన్లు ప్యాచ్ వేయలేవు, పెయిడ్ యాంటీవైరస్ కూడా వేయలేదు. పీసీ 11కి తట్టుకుంటే ఈ వారమే మారిపోండి, తట్టుకోకపోతే మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఎక్స్‌టెండెడ్ అప్‌డేట్స్‌కి సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ పేజీలో ఎన్‌రోల్ అవ్వండి.