సత్రపట్టి దాటి వెళ్ళేవారు

చిన్న భాషా సమాజాల మీద బయటివారికి కలిగే ఆసక్తిని గురించి మాట్లాడుకునే చోట ఐస్లాండు పేరు రాక తప్పదు. ఆ దేశపు జనాభా నాలుగు లక్షలకు అటూ ఇటూ. అగ్నిపర్వతాలు, మంచునదులు, మధ్యయుగంలో రాసిన ‘సాగా’ అనే గద్యకథలు, వీటికోసం రెండు వందల ఏళ్ళుగా పరదేశీయులు అక్కడికి వెళుతూనే ఉన్నారు. డెన్మార్కు భాషావేత్త రాస్మస్ రాస్క్ 1813లో వెళ్ళి రెండేళ్ళు ఉన్నాడు. రేక్యావిక్ పట్టణంలో డేనిష్ మాటల జోరు చూసి, మరో నూరేళ్ళకు అక్కడ ఐస్లాండు భాష తెలిసినవారే మిగలరని భయపడ్డాడు. భయపడి ఊరుకోలేదు. 1816లో ఐస్లాండు సాహిత్య సంఘం ఏర్పడటానికి ముఖ్యకారకుడయ్యాడు. ఆంగ్లకవి విలియం మోరిస్ 1871లో ఒకసారి, 1873లో మరొకసారి వెళ్ళాడు. ఆయన వెతికినవి సాగాల్లోని వీరులు తిరిగిన తావులు. కనిపించినవి గడ్డిపెళ్ళలు పేర్చి కట్టిన ఇళ్ళు, గొర్రెల మందలు, బీదరికం. ఎంత కటిక పేదరికమైనా మనుషుల మధ్య తరగతుల తేడాతో పోలిస్తే చిన్న కీడేనని తాను అక్కడ నేర్చుకున్నట్లు ఆయన తరువాత రాసుకున్నాడు. వెతకబోయినది ఒకటి, దొరికినది మరొకటి.

తెలుగునాటికి బయట తెలుగు చదువుకుంటున్న మన విద్యార్థులకు ఇది దూరపు సంగతి కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాడులో తెలుగును మాతృభాషగా చెప్పుకున్నవారు 42 లక్షల పైచిలుకు. ఆంధ్రదేశం నుంచి వీరిని చూడవచ్చే పండితులకు, పత్రికలవారికి పరిచయమైన ఊళ్ళలో విరుదునగర్ జిల్లాలోని రాజపాళయం ఒకటి. విజయనగర కాలంలోను, ఆ తరువాతను దక్షిణానికి వచ్చామని చెప్పుకునే రాజుల కుటుంబాలు అక్కడ ఇంట్లో తెలుగు మాట్లాడతాయి. 1949 నుంచి 1952 దాకా మదరాసు రాష్ట్ర ప్రభుత్వాన్ని నడిపిన పి.ఎస్. కుమారస్వామిరాజా ఆ ఊరివారే. ఆ ‘పి’ పూసపాటి. తమిళదేశపు వాడుకలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ముడుచుకొని ఉంటుంది గనుక, తెలియనివారి కంటికి అది ఆనదు. (రాజపాళయం అనగానే దేశంలో చాలామందికి తోచేది తెల్లని వేటకుక్క. 2005లో దాని బొమ్మతో తపాలా బిళ్ళ కూడా వచ్చింది. అక్కడి తెలుగుకు ఆపాటి పేరైనా రాలేదు.)

ఇలా చూడవచ్చినవారు తిరిగి వెళ్ళి రాసే మాట తరచు ఒకటే: ఐదు వందల ఏళ్ళనాటి తెలుగు అక్కడ చెక్కుచెదరకుండా ఉంది అని. ఐస్లాండు గురించీ ఇదే మాట. దీన్ని ఉన్నదున్నట్లు ఒప్పుకోవడానికి మాకు సంకోచంగా ఉంది. ఐస్లాండు భాషలో వ్యాకరణరూపాలు పెద్దగా మారలేదన్నది నిజమే, కాని అచ్చుల ఉచ్చారణ చాలా మారింది. పైగా ఆ భాష నిలిచింది పెట్టెలో దాచుకున్నందువల్ల కాదు. తాడు, దారం అనే అర్థాలున్న ‘సీమి’ అనే పాత మాటను తవ్వితీసి టెలిఫోనుకు పేరుగా పెట్టుకున్నారు. పాత మాటకు కొత్త పని చెప్పారన్నమాట. దక్షిణపు తెలుగులో కొన్ని పాత రూపాలు నిలిచాయి. తమిళపు మాటలూ నుడికారమూ వచ్చి చేరాయి. మొదటిదాన్ని ముత్యంలా ఏరుకొని, రెండోదాన్ని కల్తీ అని విదిలించడం భాషాశాస్త్రం కాదు, ముచ్చట తీర్చుకోవడం.

ఈ ప్రాంతాన్ని బయటివాడి కంటితో చూసి రాసిన మొదటి గొప్ప తెలుగు గ్రంథం మనకు తెలిసినదే. రాజపాళయానికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలోని శ్రీవిల్లిపుత్తూరే ‘ఆముక్తమాల్యద’లోని విలుబుత్తూరు. శ్రీకృష్ణదేవరాయలు కృష్ణాతీరంలోని శ్రీకాకుళంలో కన్న కల నుంచి ఆ కావ్యం పుట్టిందని పీఠికే చెబుతుంది. కాని ఆయన ఆ ఊరికి వచ్చింది పాత తెలుగు వెతకడానికి కాదు. మెడలు రెక్కల్లో దూర్చి కాలువల్లో నిద్రపోయే బాతులను చూశాడు. స్నానానికి వచ్చినవారు మరిచిపోయిన బట్టల ముద్దలని కావలివాళ్ళు పొరబడి నీళ్ళలోకి దిగడం చూశాడు. విష్ణుచిత్తుడి ఇంట అతిథులకు ఏ కాలంలో ఏమి వడ్డించారో రాశాడు: ఎండాకాలంలో పలుచని అంబలి, చెరకు రసం, నీరుచల్ల, చలికాలంలో మిరియాల ఘాటు తగిలే వేడి కూరలు. వేసవి వడ్డనలో ‘ఎడనీళ్ళు’ అనే మాట ఉంది. లేత కొబ్బరినీళ్ళు. తమిళంలోని ఇళనీరుకు చుట్టం. ఆ ఊరి తిండికి దగ్గరి మాట వాడటానికి చక్రవర్తికి అడ్డు తోచలేదు. ఈ కావ్యాన్ని తమిళంలోకి తెచ్చినది రాజపాళయం వాసి ము.కు. జగన్నాథరాజా. దానివల్ల శ్రీవిల్లిపుత్తూరువారు తమ ఊరిని గురించి ఒక పరాయి రాజు ఏమన్నాడో తమ భాషలోనే చదువుకోగలిగారు. బయటివారి ఆసక్తి ఇలా తిరిగి ఊరికి చేరడం అరుదు.

ఇక సత్రపట్టి. రాజపాళయానికి తూర్పున ఉంది. సత్రం మనకూ తెలిసిన మాటే. పట్టి అంటే పల్లె. పేరులోనే బాటసారి విడిది ఉన్నా, తెలుగు కోసం వచ్చినవారు అక్కడ ఆగరు. అది మరమగ్గాల ఊరు. గాయాలకు చుట్టే బ్యాండేజి గుడ్డకు సత్రపట్టి, దాని చుట్టుపక్కల పల్లెలు పేరుపడ్డాయి. పోగుకూ పోగుకూ మధ్య సందు ఉండేలా పలుచగా నేసిన గుడ్డను ఉడకబెట్టి, నూలులో సహజంగా ఉండే మైనం పోగొట్టి, చలువచేసి, ఆరబెట్టి, కోసి చుట్టలు చుడతారు. మైనం పోతేనే గుడ్డ నెత్తురు పీల్చుకుంటుంది. అక్కడ మగ్గాల చప్పుడులో మొదట చెవినిబడేది తమిళమే. అందుకే తెలుగు పరిశోధకుడు ముందుకు సాగిపోతాడు. సాగిపోకూడదని మా అభిప్రాయం.

కారణం చెబుతాము. భద్రిరాజు కృష్ణమూర్తిగారు సంపాదకులుగా వెలువడిన మాండలిక వృత్తిపదకోశాల్లో వ్యవసాయ సంపుటం 1962లోను, చేనేత సంపుటం 1971లోను వచ్చాయి. వాటికి పదసేకరణ జరిగింది ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో. సరిహద్దుకు ఇవతలి తెలుగువారి పనిమాటలు వాటి పరిధిలోకి రాలేదు. ఈ ప్రాంతపు తెలుగు కుటుంబాల్లో ఇంట తెలుగు, పనిలో తమిళం అనే విభజన మామూలు. మరి పనిని గురించి ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు ఏమవుతుంది? పడుగు అంటారా, తమిళుల్లాగా పావు అంటారా? మరమగ్గమా, విసైత్తరియా? అచ్చు, గంజి రెండు భాషలకూ ఉమ్మడి మాటలు గనుక అక్కడ తేడా ఉచ్చారణలోనే తెలియాలి. తాత అనే మాట, మనవరాలు అనే మాట వేరైతే ఆ తేడాలోనే భాష నడక కనిపిస్తుంది. పెళ్ళిపాటలు మాత్రమే రాసుకొని వచ్చినవారికి ఇది దొరకదు.

మరొక సంగతి దీనికంటే బరువైనది. బయటినుంచి వచ్చేవారు సాధారణంగా పెద్ద ఇళ్ళ వసారాల్లోనే కూర్చుంటారు. తమిళనాట తెలుగు మాట్లాడేవారిలో రాజులు, నాయుళ్ళు, రెడ్లు మాత్రమే కాదు, అరుంధతీయులు కూడా ఉన్నారు. తోలుపని, పారిశుద్ధ్యపు పని తరతరాలుగా వారి నెత్తిన రుద్దబడింది. వారి ఇళ్ళలోని తెలుగును ఎవరూ ‘శ్రీకృష్ణదేవరాయల నాటి తెలుగు’ అని మురిసిపోయిన దాఖలా మాకు కనబడదు. వారు బడిలో తెలుగు చదివే అవకాశం మొదటినుంచీ తక్కువే. 2006 నాటి చట్టంతో ఒకటవ తరగతి నుంచి దశలవారీగా తమిళం తప్పనిసరి అయ్యాక తెలుగు లిపి అందరికీ మరింత దూరమైంది. రాష్ట్రపు భాష నేర్వడాన్ని మేము తప్పుపట్టడం లేదు. లిపి రానివారి భాషను వినడానికి మనం వెళ్ళకపోతే, అది ఎక్కడా నమోదు కాదని మాత్రం చెబుతున్నాము.

లిపి లేకపోయినా కథ ఆగదనడానికి కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్ వాసి కి. రాజనారాయణన్ సాక్షి. తెలుగువారు నల్లరేగడి నేలకు వలస వచ్చిన కథను ఆయన ‘గోపల్ల గ్రామం’ నవలగా తమిళంలో రాశారు. దాని తరువాయి ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది. తెలుగు ఇంటి జ్ఞాపకాలు తమిళ పుస్తకంలో భద్రంగా ఉన్నాయి.

సెలవుల్లో ఆ వైపు వెళ్ళే విద్యార్థులకు రెండు మూడు మాటలు. వరసలు పెట్టి పలకరించండి. మీ మాట అక్కడివారికి వింతగా తోచి నవ్వితే మీరూ నవ్వండి. మాటను వారు పలికినట్లే రాసుకోండి, తరగతిలో నేర్చినట్లు దిద్దవద్దు. తెలుగు మాట స్థానంలో తమిళ మాట వస్తే దాన్నీ అదే వరుసలో రాయండి. చెప్పినవారి వయసు, పని, ఆ మాట ఇంట్లోదా మగ్గం దగ్గరదా అన్న వివరం పక్కన ఉండాలి. రాసుకున్నదాన్ని బయలుదేరేముందు వారికి చదివి వినిపించండి. దిద్దాల్సినవి వారే దిద్దుతారు.