కిల్డేర్ నిప్పు ఎవరిది?

ఫిబ్రవరి 1 ఐర్లండ్‌లో సెయింట్ బ్రిజిడ్ పండగ. క్రైస్తవం రాకముందు నుంచీ అక్కడ అదే రోజు ఇంబోల్క్. గొర్రెలు ఈని పాలకొచ్చే కాలమది, వసంతానికి తొలిరోజు. ఇద్దరు బ్రిజిడ్‌లు ఉన్నారని ఐరిష్ రాతలే చెబుతాయి: ఒకరు దేవత, మరొకరు కిల్డేర్ మఠాన్ని స్థాపించి, సుమారు 525లో కన్నుమూశారని చెప్పే పునీతురాలు.

దేవతను గురించి తెలిసింది కొంచెమే. సుమారు 900 నాటి ‘కోర్మాక్ నిఘంటువు’ ఆమెను దగ్దా అనే దేవుడి కూతురిగా, కవులు కొలిచే దేవతగా చెబుతుంది. అదే పేరున్న ఇద్దరు అక్కచెల్లెళ్లలో ఒకరిది వైద్యం, ఇంకొకరిది కమ్మరం. ఈ నిఘంటువును రాసింది బిషప్పేనని ప్రతీతి. పైగా కొగిటోసస్ అనే మతగురువు పునీతురాలి చరిత్ర రాసింది అంతకు రెండు శతాబ్దాలకు పైగా ముందే. అంటే దేవత కన్నా పునీతురాలే ముందు కాగితానికెక్కింది. ‘దేవతకే శిలువ తొడిగారు’ అని తేల్చేసేవాళ్లు ఈ సంగతి దాటేస్తుంటారు.

అయినా పునీతురాలి కథల్లో కనిపించే పాత మతం పోలికలు తోసేయదగ్గవి కావు. తడిసిన పైవస్త్రాన్ని బ్రిజిడ్ సూర్యకిరణం మీద ఆరేసిందని కొగిటోసస్ రాశాడు. తర్వాతి కథల్లో ఆమె సూర్యోదయ వేళ పుడుతుంది, డ్రూయిడ్ (పాత మతపు పూజారి) ఇంట్లో పెరుగుతుంది, ఎర్రచెవుల తెల్లావు పాలు మాత్రమే తాగుతుంది.

అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది కిల్డేర్ నిప్పు. 1180ల్లో జెరాల్డ్ ఆఫ్ వేల్స్ అనే రచయిత రాసిన ప్రకారం 19 మంది సన్యాసినులు వంతులవారీగా ఒక్కో రాత్రి దాన్ని కాపాడేవారు. ఇరవయ్యో రాత్రి కట్టెలు పక్కన పెట్టి, ఆ వంతు బ్రిజిడ్‌కే వదిలేసేవారు. తెల్లారేసరికి కట్టెలు కాలి ఉండేవి, నిప్పు ఆరేది కాదట. ఎన్నేళ్లు మండినా బూడిద పేరుకోదనీ రాశాడు. చుట్టూ కంచె, మగవాళ్లకు ప్రవేశం లేదు. ఆడవాళ్లయినా నోటితో ఊదకూడదు, తిత్తితో ఊదాలి లేదా చేటతో విసరాలి. రోమ్‌లో వెస్టా దేవత అగ్నిని కాచిన కన్యలు వెంటనే గుర్తొస్తారు. అలాగని ఈ ఆచారం క్రైస్తవానికి ముందటిదని రుజువేమీ లేదు.

పాత ఆచారాలను క్రైస్తవంలో కలుపుకునే సర్దుబాట్లకు చర్చి అధికారికంగా దారి చూపిన సందర్భం వేరే చోట ఉంది. ఇంగ్లండుకు వెళుతున్న మతప్రచారకుడు మెల్లిటస్‌కు పోప్ గ్రెగరీ 601లో ఉత్తరం రాశాడు: గుళ్లు కూల్చొద్దు, విగ్రహాలు తీసేసి పవిత్రజలం చల్లి పునీతుల అవశేషాలు ఉంచండి; ఎద్దులను బలిచ్చే జనాన్ని పండగనాడు వాటితో విందు చేసుకోనివ్వండి. 609లో రోమ్‌లోని పాంథియన్ కూడా చర్చి అయింది. ఐర్లండ్‌లో అలా మార్చడానికి రోమన్ గుళ్లే లేవు. అక్కడ మిగిలింది తేదీ, పేరు, ఊట బావులు, ఇంటి ఆచారాలు. వీటిని జనమే మోసుకొచ్చి ఉంటారనుకోవడం సబబు.

తుంగతో అల్లిన బ్రిజిడ్ శిలువను ఇప్పటికీ గుమ్మాల పైన తగిలిస్తారు. పండగ ముందురాత్రి ఆరుబయట ఉంచిన గుడ్డముక్క తలనొప్పికి మందని దాచుకునేవాళ్లూ ఉన్నారు. ఎప్పుడో ఆరిపోయిన కిల్డేర్ నిప్పును బ్రిజిడైన్ సన్యాసినులు 1993లో మళ్లీ వెలిగించారు. 2023 నుంచి బ్రిజిడ్ పేరిట ఐర్లండ్‌లో ప్రభుత్వ సెలవు కూడా వచ్చింది. ఆ రోజున కొందరు చర్చికి వెళతారు, ఇంకొందరు దేవతనే తలుచుకుంటారు.