పాత గోడకు ఏటేటా ఒక ఫోటో

గృహప్రవేశమునాడు ఇంటిముందు నిలిచి ఫోటో తీయించుకొనువారు చాలమంది. ఆ ఇల్లు పాతబడి పెచ్చులూడుచున్నప్పుడు తీయించువారు అరుదు. శిథిలమైన గోడను పదిమందికి చూపుటకు మనకు సంకోచము. కాని ఇంటి క్షేమము తెలియవలెనన్న చూడవలసినది ఆ గోడనే. ఏటేటా ఒకే తావున నిలిచి ఒకే గోడను ఫోటో తీయుటవలన కలుగు ప్రయోజనమును ఈ ప్రసంగమున మనవి చేయుచున్నాము.

గూడూరు పరిసర గ్రామములలో మట్టిగోడలపై తాటాకు కప్పిన ఇండ్లు, గానుగసున్నముతో కట్టిన మిద్దెలు, పెంకుటిండ్లు ఇప్పటికిని కొన్ని నిలిచియున్నవి. ఈ ప్రాంతమునకు ముఖ్యమైన వానలు అక్టోబరు మొదలు డిసెంబరు వరకు కురియు ఈశాన్య ఋతుపవనముల వానలు. తుపానులును ఆ నెలలలోనే ఎక్కువ. చూరునుండి జారిన నీరు నేలను తాకి చిమ్మి గోడ పాదమును కోయును. నేలలోని చెమ్మ గోడలోనికి ఎగబ్రాకి, ఆరునప్పుడు ఉప్పును వెలుపలికి తెచ్చి, సున్నపు పూతను పొరలుగా రాల్చును. దీనిని కప్పివేయుటకు మట్టిగోడపై సిమెంటు పూసినచో తేమ బయటికి పోవు దారి మూసికొని గోడ లోలోపలనే నానును. ఇదియంతయు మెల్లగా జరుగును గనుక దినదినము చూచు కంటికి తెలియదు. రెండేండ్ల ఫోటోలను ప్రక్కప్రక్కన పెట్టినచో వెంటనే తెలియును.

ఇండ్లవలెనే పనిశాలలును ఇట్లు మారుచుండును. గూడూరు, సైదాపురము ప్రాంతములు అభ్రకమునకు ప్రసిద్ధి. వెనుకటి వాల్వు రేడియోల గాజుబుడ్లలో లోహపు భాగములను కదలనీయక పట్టియుంచినవి అభ్రకపు బిళ్ళలే. ట్రాన్సిస్టర్లు వచ్చిన పిమ్మట ఆ అవసరము తగ్గినది. పని తగ్గినచోట మరమ్మతు తగ్గును. మరమ్మతు లేని కప్పునుండి నీరు దిగును. అట్టి కట్టడపు ఫోటోలను వరుసగా పేర్చినచో ఒక వృత్తి చరిత్రయే కనబడును.

పెద్ద కట్టడములకును పగులు చేయు హెచ్చరిక ఒక్కటే. గూడూరునకు సమీపమున ఉన్న శ్రీకాళహస్తిలో శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురము 2010 మే 26న కూలిపోయినది. పగుళ్ళు అంతకుముందే కనబడియుండెను. పగులు ఉన్నదా అనుటతో విచారణ ముగియదు. పెరుగుచున్నదా అని అడుగవలెను. ఆ ప్రశ్నకు ఒక్క ఫోటో సమాధానము చెప్పజాలదు.

ఇందులకు ఖరీదైన కెమెరా అక్కరలేదు. చేతిలోని ఫోను చాలును. నిలిచిన చోట ఒక రాయి పాతి, ప్రతిసారి అక్కడనే, అదే ఎత్తున పట్టి తీయవలెను. జూము వాడరాదు. వానలకు ముందు సెప్టెంబరులో ఒకసారి, వానలు వెలసిన పిదప జనవరిలో ఒకసారి తీసినచో మంచిది. ఎండ ఏటవాలుగా పడు వేళ గోడ ఎగుడుదిగుడులు స్పష్టపడును. నడినెత్తి ఎండలో అవి అణగిపోవును. పగులు ప్రక్కన అడుగుబద్దను ఆనించి, పగులు కొసను పెన్సిలుతో గుర్తించి, గుర్తు ప్రక్కన తేదీ వ్రాయవలెను. ఫోనులోని బొమ్మ ఫోనుతోనే పోవచ్చును గనుక ఒక ప్రతిని కాగితముపై వేయించి, వెనుక ఊరు, దిక్కు, తేదీ వ్రాసి ఇంటి దస్తావేజులతో భద్రపరుపుడు.

పొరుగువారి ఇల్లయినచో వారి అనుమతి పొంది తీయుట మర్యాద. వారికొక ప్రతి నిచ్చుట ధర్మము. ఆ గోడ క్రింద నిదురించువారు వారే గదా! పగులు పెరుగుచున్నట్లు రెండు ఫోటోలు చెప్పినచో మూడవదానికై వేచియుండవలదు. ఆ గది ఖాళీ చేసి, అనుభవముగల మేస్త్రీని పిలువవలెను.