యూనిక్స్ వ్యవస్థల్లో వాల్యూమ్ గ్రూపుల పరిమితులు: ఏఐఎక్స్ ఆధారంగా ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:
డిస్కులో ఖాళీ ఉన్నప్పటికీ దానిని వ్యవస్థకు జోడించలేని పరిస్థితి యూనిక్స్ నిర్వాహకులకు అప్పుడప్పుడు ఎదురవుతుంది. ఇది డిస్కు లోపం కాదు. వాల్యూమ్ గ్రూపును సృష్టించిన నాడు తీసుకున్న నిర్ణయాల ఫలితం. 1990లో ఐబీఎం ఏఐఎక్స్ 3వ సంచికతో ప్రవేశపెట్టిన లాజికల్ వాల్యూమ్ మేనేజర్‌ను ఆధారంగా చేసుకొని, ఈ పరిమితుల స్వరూపాన్ని, వాటి కారణాలను, వాటిని అధిగమించే మార్గాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నిర్మాణం:
ఈ వ్యవస్థలో ప్రతి డిస్కూ ఒక ఫిజికల్ వాల్యూమ్. కొన్ని ఫిజికల్ వాల్యూముల సమాహారమే వాల్యూమ్ గ్రూప్. గ్రూపులోని డిస్కులన్నీ సమాన పరిమాణం గల ఫిజికల్ పార్టిషన్లుగా విభజింపబడతాయి. ఆ పార్టిషన్లను కూర్చి లాజికల్ వాల్యూములను, వాటిపై ఫైల్ సిస్టములను నిర్మిస్తారు. ఏ పార్టిషన్ ఏ లాజికల్ వాల్యూముకు చెందినదో తెలిపే వివరణ పట్టిక గ్రూపులోని ప్రతి డిస్కు మీదా ఉంటుంది. డిస్కును పొలమనుకుంటే ఈ పట్టిక అడంగల్ వంటిది. పొలం ఎంత ఉన్నా అడంగల్‌లో నమోదుకు గడి లేకపోతే అది లెక్కలోకి రాదు. పట్టిక పరిమాణం ముందే నిర్ణీతం కావడమే పరిమితులకు మూలకారణం.

మూడు రకాల గ్రూపులు:
తొలినాటి సాధారణ గ్రూపులో 32 డిస్కులు, 256 లాజికల్ వాల్యూములు, డిస్కుకు 1,016 పార్టిషన్లు గరిష్ఠం. అనగా గ్రూపు మొత్తానికి 32,512 పార్టిషన్లు. ఏఐఎక్స్ 4.3.2తో వచ్చిన బిగ్ గ్రూపులో ఇవి వరుసగా 128 డిస్కులు, 512 లాజికల్ వాల్యూములు, మొత్తం 1,30,048 పార్టిషన్లకు పెరిగాయి. ఏఐఎక్స్ 5.3తో వచ్చిన స్కేలబుల్ గ్రూపు 1,024 డిస్కులను, 4,096 లాజికల్ వాల్యూములను, 20,97,152 పార్టిషన్లను అనుమతిస్తుంది. ఇందులో డిస్కుకు ఇన్ని పార్టిషన్లే ఉండాలనే నియమం తొలగిపోయింది.

పార్టిషన్ పరిమాణం ప్రాధాన్యం:
పార్టిషన్ పరిమాణాన్ని గ్రూపు సృష్టి సమయంలోనే నిర్ణయించాలి. తరువాత మార్చడానికి వీలులేదు. సాధారణ గ్రూపులో 4 మెగాబైట్ల పార్టిషన్‌ను ఎంచుకుంటే, ఎన్ని డిస్కులు చేర్చినా మొత్తం 127 గిగాబైట్లను మించదు. అలాగని పరిమాణాన్ని విచక్షణ లేకుండా పెంచడమూ సరికాదు. ప్రతి లాజికల్ వాల్యూమూ కనీసం ఒక పార్టిషన్‌ను ఆక్రమిస్తుంది. 1,024 మెగాబైట్ల పార్టిషన్లున్న చోట చిన్న లాగ్ వాల్యూముకు సైతం ఒక గిగాబైటు కేటాయించవలసి వస్తుంది.

ఒక ఉదాహరణ:
4 మెగాబైట్ల పార్టిషన్లు గల సాధారణ గ్రూపులో 12 డిస్కులున్నాయనుకుందాం. దానికి 9.1 గిగాబైట్ల కొత్త డిస్కును చేర్చాలంటే సుమారు 2,170 పార్టిషన్లు అవసరం. 1,016 పరిమితి దీనికి చాలదు. ఇటువంటి సందర్భంలో సిహెచ్‌విజి ఆదేశంలోని 'టి' గుణకం ఉపకరిస్తుంది. గుణకం 2 అయితే డిస్కుకు 2,032 పార్టిషన్లు, గరిష్ఠంగా 16 డిస్కులు. గుణకం 3 అయితే 3,048 పార్టిషన్లు, 10 డిస్కులు మాత్రమే. మన అవసరానికి గుణకం 3 కావాలి. కానీ గ్రూపులో ఇప్పటికే 12 డిస్కులున్నందున అది సాధ్యం కాదు. గుణకం పట్టికను పెంచదు. ఉన్న గడులనే తక్కువ డిస్కులకు ఎక్కువగా పంచుతుంది.

మార్పిడి మార్గాలు:
అప్పుడు మిగిలేది గ్రూపు రకాన్ని మార్చడమే. బిగ్ గ్రూపుగా మార్చడానికి పట్టిక విస్తరించేందుకు ప్రతి డిస్కు మీదా ఖాళీ పార్టిషన్లు ఉండాలి. పాతబడిన నకలు పార్టిషన్లు ఉండరాదు. మారిన గ్రూపును 4.3.1, అంతకు ముందరి సంచికలు గుర్తించలేవు. స్కేలబుల్ గ్రూపుగా మార్చాలంటే గ్రూపును పూర్తిగా నిలిపివేయాలి. కనుక నడుస్తున్న వ్యవస్థలోని రూట్ గ్రూపుకు ఈ మార్గం వర్తించదు. ఏ మార్పిడికైనా ముందు బ్యాకప్ తీసుకొని, దానిని పునరుద్ధరించి సరిచూసుకోవడం తప్పనిసరి.

లినక్స్‌తో పోలిక:
లినక్స్‌లోని ఎల్‌విఎం 2 పట్టికను పాఠ్యరూపంలో భద్రపరుస్తుంది. దీనిలో పార్టిషన్ల సంఖ్యకు పైన చెప్పిన వంటి కఠిన పరిమితి లేదు. అయితే వాటి సంఖ్య మితిమీరితే నిర్వహణ ఆదేశాలు నెమ్మదిస్తాయి. లాజికల్ వాల్యూములపై చదవడం, రాయడం మాత్రం ప్రభావితం కావు.

ముగింపు:
వాల్యూమ్ గ్రూపు సామర్థ్యాన్ని డిస్కుల పరిమాణంతో మాత్రమే అంచనా వేయడం పొరపాటని పై పరిశీలన వల్ల తెలుస్తున్నది. గ్రూపు రకం, పార్టిషన్ పరిమాణం, డిస్కుల సంఖ్య అనే మూడింటినీ కలిపి లెక్కించాలి. విద్యాసంస్థల్లో ఏటేటా పెరిగే పరిశోధన దత్తాంశాన్ని, డిజిటల్ ప్రతులను భద్రపరిచేవారు నేటి అవసరాన్ని గాక, రాబోయే సంవత్సరాల్లో చేరబోయే డిస్కులను దృష్టిలో ఉంచుకొని తొలినాడే ఈ లెక్క వేసుకోవాలి. ఆనాడు వేయని లెక్కకు, తరువాత సేవలు నిలిపి మూల్యం చెల్లించవలసి వస్తుంది.