చిత్రపటమూ ఒక సాక్ష్యమే

కాలుష్యంపై సమాచార చిత్రం రూపొందించమని విద్యార్థి బృందాలకు పని అప్పగించడం నేడు కళాశాలల్లో పరిపాటి అయింది. హైదరాబాదులో అటువంటి ఒక బృందం మూసీ నదిని ఎంచుకుంది. అనంతగిరి కొండల్లో పుట్టి, నగరం మధ్యగా ప్రవహించి, వాడపల్లి వద్ద కృష్ణలో కలిసే ఆ నదిని విద్యార్థినులు నీలిరేఖగా గీశారు. నగరం దాటేసరికి రేఖను నల్లగా మార్చారు. ఆ నలుపుకు కారణంగా రాక్షస ముఖం గల ఒక కర్మాగారాన్ని చిత్రించారు.

బృందంలో ఒకమ్మాయి తండ్రి రసాయన కర్మాగారంలో కార్మికుడు. "మా నాన్న పనిచేసే చోటును తుడిచేయమని అడగడం లేదు. కర్మాగారాన్ని ఉంచండి. మరి మన ఇళ్ల మురుగు ఏది?" అని ఆమె ప్రశ్నించింది.

ప్రశ్న సమంజసమైనదే. దేశంలోని పట్టణాల్లో రోజుకు 72,368 మిలియన్ లీటర్ల మురుగునీరు వెలువడుతుండగా, శుద్ధి అవుతున్నది 20,236 మిలియన్ లీటర్లేనని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో తెలిపింది. అంటే మూడో వంతు కూడా కాదు. మూసీలోనూ పారిశ్రామిక వ్యర్థాలతో పాటు గృహాల మురుగు భారీగా కలుస్తోంది. నగరానికి దిగువన ఆ నీటితోనే పశుగ్రాసం పెరుగుతుంది. ఆ గడ్డి మేసిన గేదెల పాలు మళ్లీ నగరానికే వస్తాయి.

విద్యార్థినులు రాక్షస ముఖాన్ని చెరిపి, నదివైపు రెండు బాణాలు గీశారు. ఒకటి కర్మాగారం నుండి, మరొకటి ఇళ్ల నుండి.

సాక్ష్యం తమకు, తమ తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకమైనా విశ్వాసులు న్యాయంపై నిలబడాలని, ఎదుటివాడు ధనికుడా పేదవాడా అన్నది చూడరాదని దివ్య ఖుర్ఆన్ అన్నిసా సూరా 135వ వాక్యంలో ఆదేశిస్తోంది. నలుగురూ చూసి నమ్మే చిత్రపటం కూడా సాక్ష్యమే. ఆ అమ్మాయి కర్మాగారాన్ని దాచమనలేదు, తన ఇంటినీ దాచలేదు.

దీనివల్ల పరిశ్రమల బాధ్యత గాని, మురుగును శుద్ధి చేయవలసిన ప్రభుత్వ బాధ్యత గాని తగ్గదు. అయితే నిలిచి ఉన్న నీటిలో మూత్ర విసర్జనను నిషేధించిన, దారిలోని హానికర వస్తువును తొలగించడం విశ్వాసంలో ఒక భాగమని బోధించిన మహాప్రవక్త (స) అనుచరులకు తమ వంతు లెక్క వేరుగా ఉంటుంది. ఖుర్బానీ వ్యర్థాలను నాలాల్లో పడవేసే ఇళ్లు మన వీధుల్లో లేవా? వాడిన నూనెను, గడువు తీరిన మందులను కాలువలో పారబోయడం మనకు అలవాటు కాలేదా?

తల్లిదండ్రులు ఒక సాయంత్రం పిల్లలతో కూర్చుని, తమ ఇంటి మురుగు ఏ నాలా గుండా ఏ చెరువుకు, ఏ నదికి చేరుతుందో కాగితంపై గీయించాలి. రానున్న బక్రీద్‌కు ముందే, వ్యర్థాలను ఎక్కడ అప్పగించాలో మస్జిదు కమిటీతో కలిసి నిర్ణయించుకోవాలి.