వార్తల్లో పదం: డ్రై పౌడర్ ఇన్‌హేలర్

వార్తలలో తరచుగా వినవచ్చుచున్న డ్రై పౌడర్ ఇన్‌హేలర్ అనగా, పొడిమందును పీడనవాయువుతో పనిలేక రోగి తన ఉచ్ఛ్వాసబలముచేతనే ఊపిరితిత్తులలోనికి చేర్చుకొను సాధనము. మృగశిర కార్తెనాటి చేపమందుతో ఉబ్బసరోగులకు చిరపరిచితమైన దూద్‌బౌలి గల హైదరాబాదు పాతబస్తీలో, మందుల దుకాణములందు దొరకు రోటాహేలరు ఈ జాతిదే. మెలిద్రిప్పగానే అందలి గుళిక రెండుగా విడి పొడి రాలును.

గొంతులో చిక్కువడక శ్వాసనాళికల లోతునకు పోవలెనన్న ఔషధరేణువు 1 నుండి 5 మైక్రాన్ల పరిమాణమున ఉండవలెను; అంతటి సూక్ష్మరేణువులు ఒండొంటి నంటుకొనును గనుక, వానిని స్థూలమైన లాక్టోజ్ కణములతో కలిపి, పీల్చునపుడు పుట్టు గాలిసుడిచే విడదీయుదురు. ఆ సుడిని కల్పించు జాలీని, గాలిదారిని, నోటిగొట్టమును సంస్కరించుట నేటి పరిశోధనల లక్ష్యములలో ఒకటి. బలముగా పీల్చలేని వృద్ధులకును పిల్లలకును మందు అందుట దీనిపై ఆధారపడియున్నది గనుక, ఇది చిన్న విషయము కాదు.

తేమ తగిలిన పొడి ముద్దకట్టును. కావున సాధనములోనికి ఊదక, ముందుగా బయటికి ఊపిరి వదలి, వేగముగా దీర్ఘముగా పీల్చి, కొన్ని క్షణములు బిగబట్టుడు.